ఇంటి నెట్‌వర్క్‌లో వైర్‌లెస్ స్మార్ట్ స్పీకర్లు: అనుసంధానం, అమరిక

వై-ఫై ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లో చేరి, మాటతో గానీ ఫోన్‌లోని యాప్‌తో గానీ చెప్పిన పని చేసే స్పీకర్‌ను స్మార్ట్ స్పీకర్ అంటారు. అమెజాన్ ఎకో, గూగుల్ హోమ్, ఆ తర్వాతి నెస్ట్ వరుస, ఆపిల్ హోమ్‌పాడ్, సోనోస్ ఈ కోవలో పేరున్నవి. వీటిని కొన్నవారి ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. నిన్న పాడిన స్పీకర్ ఇవాళ యాప్‌లో కనిపించదు. రెండు గదుల్లోవి కలిపి పెడితే ఒకటి మధ్యలో ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చాక ఏదో ఒకటి మూగబోతుంది. నింద మొదట స్పీకర్ మీద పడుతుంది, ఆ తర్వాత ఇంటర్నెట్ వేగం మీద. వేగం చాలడం లేదనుకుని ఖరీదైన ప్లాన్‌కు మారేవారూ ఉంటారు. ఆ డబ్బు చాలాసార్లు వృథా. స్పీకర్‌ను అమర్చడమంటే నిజానికి రౌటర్‌ను అమర్చడమేనని ఈ వ్యాసం వాదన. ఈ యంత్రాలు ఎక్కువగా తడబడేది ఇంట్లోని పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కోవలసిన చోట. ఆ పని సాఫీగా జరగడమూ జరగకపోవడమూ స్పీకర్ ధరను బట్టి ఉండదు, ఇంటి నెట్‌వర్క్ ఎలా అల్లుకుని ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు వేగం సంగతి తేల్చాలి. సీడీ నాణ్యత గల స్టీరియో సంగీతంలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, అలాంటివి రెండు చానళ్లు. అన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 1.4 మెగాబిట్లు. కుదించి పంపే పాటకు, మంచి నాణ్యతతోనే, 320 కిలోబిట్లు చాలు. ఇంట్లో పది స్పీకర్లు పది వేర్వేరు పాటలను సీడీ నాణ్యతతో ఒకేసారి పాడినా సుమారు 14 మెగాబిట్లే. టీవీలో నడిచే ఒక్క 4కే సినిమా దాదాపు అంత తీసుకుంటుంది. మాటతో ఇచ్చే ఆజ్ఞ అంతకన్నా చిన్నది, కొన్ని సెకన్ల గొంతు సర్వర్‌కు వెళ్లి జవాబు తిరిగి రావడమే. 30 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో స్పీకర్ ఆగి ఆగి పాడుతుంటే, దానిని 300 చేసినా అది అలాగే పాడుతుంది. స్పీడ్ టెస్ట్ చూపే అంకె రౌటర్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య దారి గురించి చెబుతుంది. రౌటర్ నుంచి వంటగదిలోని స్పీకర్ దాకా, అక్కడి నుంచి ఫోన్ దాకా ఉన్న దారి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

బాధ్యత చేతులు మారిన కథ

ఇంటి లోపలి దారిని చూసుకునే బాధ్యత మొదట్లో ఇంటివాళ్లది కాదు. 2004లో ఆపిల్ సంస్థ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న పెట్టెతో పాటు ఎయిర్‌ట్యూన్స్ తెచ్చింది. కంప్యూటర్‌లోని పాట వై-ఫై మీద ప్రయాణించి మరో గదిలోని మామూలు స్పీకర్లలో వినిపించేది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాకు చెందిన సోనోస్ తన మొదటి వ్యవస్థను అమ్మకానికి పెట్టింది. అప్పటి ఇళ్లలోని వై-ఫైని ఆ సంస్థ నమ్మలేదు. తన పెట్టెల్లో ఒకదాన్ని తీగతో రౌటర్‌కు కలపమంది. మిగతావి సంకేతాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ తమలో తాము సొంత మెష్ నెట్‌వర్క్ అల్లుకునేవి. దాని పేరే సోనోస్‌నెట్. గదికీ గదికీ మధ్య సంగీతం నడిచే బాటను కంపెనీయే వేసి ఇచ్చిందన్నమాట. 2014లో తీగ తప్పనిసరి అన్న షరతు ఎత్తేసింది. 2023లో వచ్చిన ఎరా 100, ఎరా 300 నమూనాల్లో సోనోస్‌నెట్ అసలే లేదు. ఈలోగా అమెరికాలో 2014 నవంబరులో ఎకో, 2016 నవంబరులో గూగుల్ హోమ్, 2018 ఫిబ్రవరిలో హోమ్‌పాడ్ వచ్చాయి. మన దేశంలో ఎకో 2017 అక్టోబరులో, గూగుల్ హోమ్ 2018 ఏప్రిల్‌లో అడుగుపెట్టాయి. ఇవన్నీ మొదటి నుంచీ ఇంట్లో ఉన్న వై-ఫై మీదే ఆధారపడ్డాయి. ధరలు దిగాయి, అమరిక కొద్ది నిమిషాల పని అయింది. నెట్‌వర్క్‌ను సక్రమంగా ఉంచే పని మాత్రం కంపెనీ చేతుల్లోంచి కొన్నవారి చేతుల్లోకి చడీచప్పుడు లేకుండా జారిపోయింది. పెట్టెలో వచ్చే మడత కాగితం మీద ఈ సంగతి రాసి ఉండదు.

కొత్త స్పీకర్‌కు చాలావరకు తెర ఉండదు, కీబోర్డు ఉండదు. వై-ఫై పాస్‌వర్డ్ దాని చెవిన వేయడమెలా అన్నది మొదటి చిక్కు. దీనికి రెండు మార్గాలు స్థిరపడ్డాయి. ఒకదానిలో స్పీకర్ తానే కాసేపు ఒక తాత్కాలిక వై-ఫై నెట్‌వర్క్‌గా మారుతుంది; ఫోన్ అందులో చేరి ఇంటి వై-ఫై పేరూ పాస్‌వర్డూ అందిస్తుంది. రెండో మార్గంలో ఈ ముచ్చట బ్లూటూత్ మీద జరుగుతుంది. ఐఫోన్‌ను హోమ్‌పాడ్ దగ్గరికి తెస్తే చాలు, వివరాలు దానంతట అవే వెళ్తాయి. ఎకోలో నారింజ రంగు వెలుగు తిరుగుతుంటే అది ఈ దశలో ఉందని గుర్తు. ఇక్కడ ఆటంకాలు చాలావరకు ఫోన్ వైపువే. తాత్కాలిక వై-ఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి కొన్ని ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటాకు దూకుతాయి. అమరిక పూర్తయ్యేదాకా డేటా ఆపేయడం మేలు. చుట్టుపక్కల వై-ఫైలను వెతకడానికి ఆండ్రాయిడ్ చాలాకాలం లొకేషన్ అనుమతి అడిగింది, 13వ వెర్షన్ నుంచి దగ్గరలోని పరికరాల అనుమతిని విడిగా అడుగుతోంది. ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ స్థానిక నెట్‌వర్క్ అనుమతి వేరే ఇవ్వాలి. ఆ ప్రశ్న ఎదురైన రోజు తొందరలో వద్దని నొక్కినవారికి నెలల తర్వాత కూడా స్పీకర్ కనిపించదు, కారణమూ తోచదు.

కనుక్కోవడమనే అసలు పని

పాస్‌వర్డ్ అందుకుని నెట్‌వర్క్‌లో చేరిన స్పీకర్‌కు రౌటర్ 192.168.1.23 లాంటి చిరునామా కేటాయిస్తుంది. ఆ అంకె ఫోన్‌కు తెలియదు, ఎప్పటికీ అదే ఉంటుందన్న హామీ కూడా లేదు. అందుకే ఫోన్ పాట పంపదలచినప్పుడు దండోరా వేసినట్టు నెట్‌వర్క్ అంతటికీ ఒక కేక వేస్తుంది, పాడగలవారెవరని. విన్న స్పీకర్లు తమ పేరూ చిరునామా చెబుతాయి. సాంకేతికంగా దీన్ని మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్, పొట్టిగా ఎండీఎన్‌ఎస్ అంటారు. ఆపిల్ 2002లో మ్యాక్ కంప్యూటర్ల కోసం తెచ్చిన పద్ధతి ఇది. 2013 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సి 6762 అనే పత్రంగా ఇంటర్నెట్ ప్రమాణమైంది. కేక వెళ్లే చిరునామా 224.0.0.251, పోర్టు 5353. ఫోన్ నుంచి స్పీకర్‌కు పాట చేర్చే గూగుల్ కాస్ట్, ఆపిల్ ఎయిర్‌ప్లే, స్పాటిఫై కనెక్ట్ మూడూ దీన్నే వాడతాయి. సోనోస్ లాంటివి ఏళ్ల తరబడి వాడిన మరో పద్ధతి యూపీఎన్‌పీ కుటుంబంలోని ఎస్‌ఎస్‌డీపీ; దాని చిరునామా 239.255.255.250, పోర్టు 1900. ఎండీఎన్‌ఎస్ కేక పొలిమేర దాటదు. రౌటర్ ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌లోకి దాన్ని పంపదు, పంపకూడదన్నది నిబంధనే. ఒక ఇల్లు, ఒక నెట్‌వర్క్ అన్న ఊహ మీద నిలిచిన ఏర్పాటిది. ఆ ఊహ చెదిరిన చోట ఏమవుతుందో 2012లోనే తేలింది. అమెరికా విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ నిర్వాహకులు తమ ప్రాంగణాల్లోని అనేక ఉపనెట్‌వర్క్‌ల మధ్య ఎయిర్‌ప్లే వంటివి పనిచేయడం లేదని, దారి చూపమని ఆపిల్‌కు విజ్ఞాపన పంపారు. అక్కడి డార్మిటరీలో గది తీసుకున్న తెలుగు విద్యార్థి ఎకో కొనుక్కుంటే మరో గోడకు తలకొట్టుకోవాలి: ఒక్కొక్కరికీ ప్రత్యేక లాగిన్ అడిగే ఎంటర్‌ప్రైజ్ తరహా వై-ఫైలో ఎకో చేరదు.

పొలిమేర లోపల కూడా కేక అందరికీ వినపడుతుందన్న భరోసా లేదు. వై-ఫైలో ఒకరికి పంపిన సందేశం అందిందని అవతలివారు రసీదు ఇస్తారు. రాకపోతే మళ్లీ పంపుతారు. అందరికీ కలిపి పంపే మల్టీకాస్ట్ సందేశానికి రసీదు లేదు, మళ్లీ పంపడమూ లేదు. పైగా దూరంగా ఉన్న బలహీన పరికరానికీ వినపడాలని దాన్ని అతి తక్కువ వేగంతో పంపుతారు. అది గాలిలో ఎక్కువసేపు చోటు ఆక్రమిస్తుంది. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 9119 ఈ ఇబ్బందులన్నిటినీ వివరంగా చర్చించింది. చక్కగా పాట పాడుతున్న స్పీకర్ యాప్ జాబితాలోంచి మాయమవడం వెనక రహస్యం ఇదే: పాట రసీదులతో నడుస్తోంది, పిలుపు రసీదు లేకుండా పోయింది. ఈ పిలుపు శ్రుతి మించితే ఏమవుతుందో 2018 జనవరిలో బయటపడింది. నిద్రలేచిన ఆండ్రాయిడ్ ఫోన్లు టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్, గూగుల్ హోమ్ పరికరాల కోసం ఆగకుండా ఎండీఎన్‌ఎస్ పాకెట్లు కుమ్మరించాయి. ఇరవై సెకన్లకొకటిగా వెళ్లవలసినవి కొన్ని సందర్భాల్లో కొద్దిసేపట్లోనే లక్ష దాటాయని రౌటర్ తయారీ సంస్థ టీపీ-లింక్ వెల్లడించింది. ఇంటి వై-ఫై మొత్తం కుప్పకూలేది. గూగుల్ అదే నెలలో సరిదిద్దింది. ఆ రోజుల్లో రౌటర్ మార్చినవారు, ప్లాన్ పెంచినవారు దేనికి ఖర్చు పెట్టారో ఆలోచించాలి.

రౌటర్లలోని ఐజీఎంపీ స్నూపింగ్ అనే సదుపాయం మరో మెలిక. మల్టీకాస్ట్ సందేశాన్ని కోరినవారికే పంపి రద్దీ తగ్గించడం దాని పని. ఎండీఎన్‌ఎస్ చిరునామా ఉన్న 224.0.0 శ్రేణిని మాత్రం అందరికీ వదిలేయాలని 2006 నాటి ఆర్‌ఎఫ్‌సి 4541 సూచించింది. ఎస్‌ఎస్‌డీపీ చిరునామాకు ఆ మినహాయింపు లేదు. ఒకే రౌటర్ కింద ఒక కంపెనీ స్పీకర్ కనిపించి మరొకటి కనిపించకపోవడం వింతగా తోస్తుంది గానీ, దానికి ఇలాంటి కారణం ఉండవచ్చు. సదుపాయాన్ని ఒకసారి ఆపి చూస్తే తేలిపోతుంది.

ఎకో సంగతి కొంత వేరు. అలెక్సా యాప్ చాలా పనులకు అమెజాన్ సర్వర్ల ద్వారానే ఎకోతో మాట్లాడుతుంది కాబట్టి, ఊళ్లో ఉన్న ఫోన్ నుంచి మొబైల్ డేటా మీద కూడా ఇంట్లోని స్పీకర్‌ను నడపవచ్చు. కాస్ట్, ఎయిర్‌ప్లే పద్ధతులు మాత్రం ఇంటి లోపలే వెతుకుతాయి. ఈ తేడా తెలిస్తే రోగ నిర్ధారణ సులువు. స్పీకర్ మాటకు జవాబిస్తోంది, పాట కూడా పెడుతోంది, ఫోన్‌కు మాత్రం కనిపించడం లేదంటే ఇంటర్నెట్ బాగుంది. లోపం ఇంటి లోపలి కేకలో ఉంది. ఫోన్‌కు కనిపిస్తోంది, మాటకు మాత్రం అర్థం కావడం లేదనో తర్వాత ప్రయత్నించమనో అంటోందంటే బయటి దారి తెగింది. మాటా ఫోనూ రెండూ పనిచేయకపోతే వై-ఫై సంకేతమో పాస్‌వర్డో చూడాలి. ఫోన్‌లో వీపీఎన్ నడుస్తున్నా స్థానిక వెతుకులాట దెబ్బతినవచ్చు. ఈ ఒక్క విభజన చేసుకున్నాక గంటల తరబడి కస్టమర్ కేర్ చెప్పినట్టు ఆడే పని తప్పుతుంది.

రెండు రౌటర్ల ఇల్లు

మన ఊళ్లలో ఈ పొలిమేర చిక్కు ఎక్కువగా ఒకే రూపంలో వస్తుంది. ఫైబర్ కనెక్షన్‌తో కేబుల్ ఆపరేటర్ గానీ కంపెనీ గానీ ఇచ్చే ఓఎన్‌టీ పెట్టెలోనే రౌటరూ వై-ఫైయీ ఉంటాయి. హాల్లో టీవీ వెనక పెట్టిన దాని సంకేతం ఇటుక గోడలూ పై అంతస్తు స్లాబూ దాటక, పడకగదికో మేడమీదికో ఇంకో రౌటర్ కొని తీగతో కలుపుతారు. రెండో పెట్టె కూడా తనను తాను రౌటర్ అనుకుని వేరే చిరునామాల వరుసతో సొంత నెట్‌వర్క్ తెరుస్తుంది. ఫోన్ ఒకదానిలో, స్పీకర్ మరోదానిలో ఉంటే రెండిటికీ ఇంటర్నెట్ వస్తుంది, ఒకదాని కేక రెండోదానికి వినపడదు. మేడ మీదికి వెళ్లగానే స్పీకర్ మాయమవుతోందని చెప్పే ఇళ్లలో ముందుగా అనుమానించవలసింది దీన్నే. మందు చవకైనదే: రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి. ఆ మోడ్ లేకపోతే దాని చిరునామాను మొదటిదానితో తగువు పడకుండా మార్చి, చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీ ఆపి, తీగను వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చాలి. రెండింటికీ ఒకే వై-ఫై పేరు పెట్టడం అనేది మారువేషం మాత్రమే; లోపల రెండు నెట్‌వర్క్‌లుంటే అవి రెండే.

కొత్తగా మెష్ రౌటర్లు కొన్నవారి సంగతిలో నిపుణులు కూడా పొరబడేది ఒకటుంది. ఓఎన్‌టీ వెనక మెష్ వ్యవస్థ తన నెట్‌వర్క్ తాను నడిపితే చిరునామా మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. ఆన్‌లైన్ ఆటలకు ఇది ఇబ్బంది కావచ్చు గానీ స్పీకర్లకు దానివల్ల హాని లేదు, అన్ని పరికరాలూ మెష్‌లోనే ఉన్నంతకాలం. హాని జరిగేది ఓఎన్‌టీ వై-ఫైని కూడా వెలుగుతూ వదిలేసినప్పుడు. పాత పేరు గుర్తున్న టీవీనో, ఒక స్పీకరో అందులోనే ఉండిపోతుంది. ఓఎన్‌టీ వై-ఫైని ఆపేస్తే పని ముగిసింది. మెష్ కొన్నప్పుడు దానికి పాత వై-ఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెడితే పాత స్పీకర్లన్నీ తిరిగి అమర్చకుండానే వచ్చి చేరతాయి. ఇది ఏ రౌటర్ మార్పుకైనా వర్తిస్తుంది, అయినా కొత్త పేరు పెట్టుకునే సరదాతో పది పరికరాలను మళ్లీ మొదటి నుంచి అమర్చేవారే ఎక్కువ. తరచూ కరెంటు పోయే చోట ఓఎన్‌టీనీ రౌటర్‌నూ ఇన్వర్టర్ మీద ఉంచడం కూడా స్పీకర్ అమరికలో భాగమే. స్పీకర్ ముందు లేచి, రౌటర్ ఇంకా లేవక, వై-ఫై వెతికి వెతికి ఊరుకునే పరిస్థితి దానితో తప్పుతుంది.

తరంగాల సంగతి కొంత క్లుప్తంగా చెప్పవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలు బాగా దాటుతుంది, కానీ అపార్టుమెంట్లలో పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే గుమిగూడతాయి. ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలం, మన దేశంలో 2018 అక్టోబరులో ఈ పట్టీలో మరింత భాగాన్ని లైసెన్సు లేకుండా వాడనిచ్చారు. గోడలంటే మాత్రం దానికి గిట్టదు. ఒకే రౌటర్‌లోని ఈ రెండు పట్టీలు సాధారణంగా ఒకే నెట్‌వర్క్‌కు చెందుతాయి కాబట్టి ఫోన్ ఒకదానిలో, స్పీకర్ మరోదానిలో ఉన్నా మామూలుగా ఇబ్బంది లేదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన స్పీకర్లకు మాత్రం ఒక ప్రత్యేక గండం ఉంది. అక్కడి పరికరాలు సాధారణంగా 2.4 పట్టీలో 1 నుంచి 11 దాకా చానళ్లనే చూస్తాయి. ఇక్కడ 13 దాకా అనుమతి. చానల్ ఎంపికను ఆటోలో వదిలేసిన రౌటర్ ఏ రాత్రో 12కో 13కో మారితే ఇంట్లో ఫోన్లన్నీ బాగుంటాయి, అమెరికా స్పీకర్‌కు మాత్రం ఇంటి వై-ఫై అన్నదే ఉండదు. చానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి కట్టేయడం దీనికి విరుగుడు. అలాగే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రతను మాత్రమే పెట్టిన రౌటర్‌లో పాత స్పీకర్లు చేరలేకపోవచ్చు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ అందుకే ఉంది. యాప్‌లో ఖాతా దేశం, సమయ మండలం కూడా సరిచూసుకోవాలి, లేకపోతే ఉదయం ఆరింటి అలారం సాయంత్రం మోగుతుంది.

అభ్యంతరాలు

ఇంత తతంగం ఎందుకు, బ్లూటూత్‌తో కలిపేస్తే సరిపోదా అన్నది సహజమైన ప్రశ్న. ఒక గది, ఒక ఫోన్, ఒక స్పీకర్ అయితే సరిపోతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. బ్లూటూత్‌లో పాట ఫోన్‌లోంచి ప్రవహిస్తుంది. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్తే పాట తెగుతుంది, ఫోన్ వస్తే పాట ఆగుతుంది. వై-ఫై పద్ధతిలో చాలాసార్లు ఫోన్ పాట పేరు చెప్పి తప్పుకుంటుంది, స్పీకర్ నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. నాలుగు గదుల్లో ఒకే పాట కలిసి వినిపించడానికి స్పీకర్ల గడియారాలు వెయ్యోవంతు సెకన్ల లెక్కలో సరిపోలాలి. ఎయిర్‌ప్లే 2 అందుకోసం ఫోన్, స్పీకర్ల మధ్య సమయాన్ని నెట్‌వర్క్ మీద పదేపదే సరిచూసుకునే పీటీపీ పద్ధతిని వాడుతుంది. ఆ సరిచూపుకు స్పీకర్లు ఒకే నెట్‌వర్క్‌లో, నిలకడైన సంకేతంతో ఉండాలి. హోమ్‌పాడ్‌కైతే బ్లూటూత్ అన్న ప్రత్యామ్నాయమే లేదు. అది ఫోన్ నుంచి బ్లూటూత్ మీద పాట తీసుకోదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం భద్రతది. మైక్రోఫోన్ ఉన్న పరికరాన్ని కుటుంబం వాడే కంప్యూటర్లూ ఫోన్లూ ఉన్న నెట్‌వర్క్‌లో ఉంచకూడదు, గెస్ట్ నెట్‌వర్క్‌లో విడిగా పెట్టాలని నిపుణులు అంటారు. అంతా ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలన్న ఈ వ్యాసం సలహాకు ఇది సూటిగా ఎదురు. వారి భయం ఊహ కాదు. 2018 జూన్‌లో ట్రిప్‌వైర్ సంస్థ పరిశోధకుడు క్రెయిగ్ యంగ్ ఒక లోపం చూపించారు: ఒక వెబ్ పేజీని తెరిచి ఉంచితే చాలు, అది ఇంట్లోని గూగుల్ హోమ్‌ను అడిగి ఆ ఇల్లు ఎక్కడుందో దాదాపు కచ్చితంగా తెలుసుకోగలిగేది. ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నవారంతా మనవాళ్లేనని ఆ పరికరం నమ్మడమే మూలం. 2019 జనవరిలో వేలాది క్రోమ్‌కాస్ట్‌లలో అపరిచితుల వీడియో ప్రత్యక్షమైంది. రౌటర్లలో యూపీఎన్‌పీ తనంతట తాను తెరిచిన పోర్టులు ఆ దొంగదారి. అయినా గెస్ట్ నెట్‌వర్క్‌ను అందరికీ మందుగా రాయడం సరికాదు. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అంటే అందులోని పరికరాలు ఒకదానితో ఒకటి కూడా మాట్లాడకుండా చేసే ఏర్పాటు. అక్కడ పెట్టిన రెండు స్పీకర్లు జంటగా పాడలేవు, ఫోన్‌కు కనిపించవు. విసిగిన ఇంటివారు రెండో రోజే ఫోన్లను కూడా గెస్ట్‌లోకి మార్చేస్తారు, విభజన పేరుకే మిగులుతుంది. ఒకే రౌటర్ కింద వీలాన్‌లనే విడి నెట్‌వర్క్‌లు ఏర్పరచి, వాటి మధ్య ఎండీఎన్‌ఎస్ పిలుపులను మాత్రం అటూ ఇటూ అందించే రిఫ్లెక్టర్ పెట్టగలిగినవారికి విడి నెట్‌వర్క్ మంచిదే. దాని నిర్వహణ కూడా వారే భరించాలి. మిగతావారికి ఎక్కువ రక్షణనిచ్చేవి మామూలు పనులు: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, దాని ఫర్మ్‌వేర్ తాజాగా ఉంచడం, రౌటర్‌లోని యూపీఎన్‌పీ పోర్టు సదుపాయం ఆపేయడం. చివరిది ఆపితే స్పీకర్లు కనిపించవేమోనన్న భయం అక్కర్లేదు. ఆ మీట బయటి నుంచి లోపలికి పోర్టులు తెరవడానికి సంబంధించినది. పరికరాలు లోపల వేసుకునే కేకలతో దానికి పనిలేదు.

ఇల్లు ఎంత చక్కగా దిద్దుకున్నా కంపెనీ సర్వర్ కూలితే చేసేదేముందన్న అభ్యంతరం మిగిలింది. అది నిజం, ఈ వాదనకు హద్దు కూడా అక్కడే. 2024 మేలో సోనోస్ కొత్త యాప్ విడుదల చేసినప్పుడు నిన్నటిదాకా బాగున్న ఇళ్లలోనే అలారాలు, స్లీప్ టైమర్ వంటి సదుపాయాలు పోయాయి, స్పీకర్లు కనిపించకుండా పోయాయి. ఆ వివాదం సద్దుమణగక 2025 జనవరిలో సంస్థ అధిపతి పాట్రిక్ స్పెన్స్ తప్పుకున్నారు. 2013లో మొదలైన సౌండ్‌టచ్ వరుసకు 2026లో క్లౌడ్ సేవలు ఆపుతామని బోస్ సంస్థ 2025లో ప్రకటించింది. ఆ స్పీకర్లలో ఆక్స్ తీగ, బ్లూటూత్ మాత్రం సర్వర్‌తో నిమిత్తం లేకుండా పనిచేస్తాయి. కొనేముందు చూడవలసిన మొదటి విషయం అదే: ఇంటర్నెట్ లేకపోయినా, కంపెనీ చేయి వదిలినా, ఇంటి నెట్‌వర్క్ మీదో ఒక తీగ మీదో పాట వినిపించే దారి ఆ పెట్టెకు ఉందా లేదా. లోపం కంపెనీ వైపే ఉన్న రోజుల్లో ఇంట్లో ఏమీ కదపకుండా ఉండడం కూడా అమరికలో భాగమే. స్పీకర్ మొరాయించగానే ఫ్యాక్టరీ రీసెట్ బటన్ మీదికి చేయి పోతుంది; అన్నీ చూశాకే, ఇతరుల ఇళ్లలోనూ అదే జరుగుతోందేమో కనుక్కున్నాకే ఆ పని చేయాలి. 2025 మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లూ, మామూలు స్పీకర్లను వై-ఫై స్పీకర్లుగా మార్చే క్రోమ్‌కాస్ట్ ఆడియోలూ ప్రపంచమంతటా ఒకేసారి ఆగిపోయాయి. లోపల ఉన్న పదేళ్ల డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరడమే కారణం. రీసెట్ చేయవద్దని గూగుల్ కోరింది, కొద్ది రోజుల్లో మరమ్మతు పంపింది. వేచి ఉన్నవారి పరికరాలు వాటంతట అవే పాడసాగాయి. అప్పటికే రీసెట్ చేసినవారు గూగుల్ హోమ్ యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చేదాకా వాటిని తిరిగి అమర్చుకోలేకపోయారు.